మా పులిగాని ఆపరేషన్, తర్వాతి గోస

మగ్గం మీది పడుగు నూలు కంపు కొట్టిన పొద్దున్నే నాకు సమజైంది, ఇంట్ల ఏదో తేడా వచ్చిందని. మాది మెట్‌పల్లి. గుంటమగ్గం మీద చీరలు నేసి బతికెటోన్ని. ఆ కంపు మా పులిగాడు చేసిన పని. వాడు గండుపిల్లి. ఈడుకొచ్చిండు. గోడ, గొంగడి, నూలు, అన్నీ నావే అని తడిపి గుర్తులు పెట్టుడు మొదలువెట్టిండు.

వాన్ని నేను వరద గోదావరిల దుంకి, ఒక చేత్తోని ఈదుకుంట ఒడ్డుకు తెచ్చిన.

ఇగో, మొదట్లనే అబద్ధం. ధర్మపురి రేవుకాడ ఎవరో గోనెసంచిల కట్టి పారేసిండ్రు. మోకాటిలోతు నీళ్లు. సంచి లాగింది నా భార్య లచ్చవ్వ. నేను ఒడ్డు మీద బీడి తాగుతున్న. సంచిల మూడు పిల్లలున్నయి. ఒక్కటే కదిలింది. పేరు నేనే పెట్టిన. పులి అంత అయితడని అందరికి చెప్పిన గని, ఎంత పెరిగినా పిల్లి అంతనే అయిండు.

నాకు నూలిచ్చే సావుకారి నేను నేసిన చీర ముక్కుకాడ పెట్టుకొని, "నర్సయ్యా, గిది పెండ్లిచీరనా, పిల్లి పక్కగుడ్డనా?" అన్నడు. ఇట్లయితె నూలు ఇయ్యనన్నడు. వాడకట్టోల్లు పిల్లిని తీసుకపోయి గోదావరి అవుతల ఇడిసిపెట్టుమన్నరు. నేను సరే అందామనే అనుకున్న.

"తెచ్చిన కాడికే తీస్కపోయి పారేస్తవా? అయితె నన్ను గూడ అదే సంచిల కట్టు," అన్నది లచ్చవ్వ.

అందుకే, విత్తులు తీపిస్తె ఈ తడుపుడు ఆగుతదని విని జగిత్యాల పశువుల దవాఖానకు పోయినం. గంపల పులిగాడు, గంప మీద లచ్చవ్వ పాత చీర. బస్సుల ఒకటే అరుపు. డాక్టర్ సారు కోస్తా దిక్కుకెల్లి కొత్తగ వచ్చినాయన, చిన్న వయసు.

"పెద్దాయనా, ఎడ్లకి చేశాను, గుర్రానికి చేశాను. పిల్లికి చదువుకునే రోజుల్లో ఒక్కసారి చేశాను. మత్తు ఎక్కువైతే లేవకపోవచ్చు. ఆలోచించుకోండి," అన్నడు.

"లేస్తడు సారూ. సంచిలకెల్లే లేసిండు," అన్నది లచ్చవ్వ.

ఆపరేషన్ అయితున్నంత సేపు వాని కాళ్లు పట్టుకొని ధైర్యంగ నిలవడ్డ. ఇది గూడ ఉత్తదే. ఈథర్ మత్తుమందు వాసన తాకంగనే బయటికి ఉరికి వాంతి చేసుకున్న. పట్టుకున్నది లచ్చవ్వనే.

సారు గాయం మీద సల్ఫా పౌడర్ చల్లి, "కుట్లు వేయలేదు. గాలి తగలనివ్వండి. నాకకుండా చూడండి, ఇన్ఫెక్షన్ వస్తుంది," అని చెప్పి పంపిండు.

ఇంటికి రాంగనే వాడు నాకుడు మొదలువెట్టిండు. ఎంత ఆపినా ఆగలే. నేతోనికి అన్ని రోగాలకు ఒకటే మందు, గుడ్డ. మగ్గం మీదికెల్లి అప్పుడే దించిన కొత్తగుడ్డ. నీళ్లు గూడ తాకలే, అంతకన్న సాఫు ఏముంటది అనుకున్న. ఒక పేలిక కోసి, తోక కిందికెల్లి నడుముకు మెలేసి గోచి కట్టిన. బిగువుగ, ముద్దుగ వచ్చింది. వాడకట్టోల్లను పిలిచి చూపెట్టిన. "పులిగాడు పైల్వానైండు, కుస్తీకి రాండ్రి!" అని నవ్విన. అందరు నవ్విండ్రు. గాలి తగలాలె అన్న మాట మతికి రాలే.

ఇంకో సంగతి గూడ మతికి రాలే. కొత్తగుడ్డల బియ్యం గంజి ఉంటది. నూలుకు పట్టించింది నేనే. పులిగానికి ఆ గంజి రుచి. గాయం ఇడిసిపెట్టి గోచిని నాకిండు. నాకిన కాడ తడిసింది, ఆరింది, మల్లా తడిసింది. గంజి ఆరితె గుడ్డ చెక్క లెక్క బిగుసుకుంటది. జిందగంత అదే పని చేసినోన్ని. నా చేతులకు ఎరుకే, నా తలకాయకు ఎరుక లేదు.

తెల్లారి పాలు తాగలే. ఎండుచేప ముందల పెడితె మొకం తిప్పుకున్నడు. మగ్గం గుంటల ఒక మూలకు పోయి, వీపు మావైపు పెట్టి కూసున్నడు. కండ్ల మీదికి తెల్లటి పొర సగం దాక వచ్చింది. ముట్టుకుంటె అరవలే గూడ.

"దవాఖానకు పోదాం పా," అన్నది లచ్చవ్వ.

"మత్తు దిగలేదే. పైల్వాన్‌కు ఒళ్లు నొప్పులు. రేపు సూద్దాం."

"నవ్వకు," అన్నది. ఆ దినం పొయ్యి ముట్టియ్యలే. గుంట ఒడ్డు మీద కూసొని, సంచి తీసిన చేతులు ఒళ్లె పెట్టుకొని, వాని వీపు పైకి లేస్తున్నదా లేదా అని చూసుకుంట ఉన్నది. పొద్దు గూకెటాలకు నాకు గూడ నవ్వు రాలే. అప్పటికి బస్సు లేదు.

తెల్లారి మొదటి బస్సుకు పోయినం. సారు కత్తెర పెడితె గోచి కర్రుమన్నది. "ఇదేంటండీ, అట్టముక్కా?" అన్నడు. నేను తల వంచుకున్న. లోపల చీము. సారు పొట్ట పిసికి చూసిండు.

"బ్లాడర్ రాయిలా ఉంది. ఈ గుడ్డ బిగిసి దారి మూసుకుపోయినట్టుంది. మూత్రం ఎప్పుడు పోశాడు?"

తిన్నడా, తాగిండా అని చూసినం. అది చూడలే.

సారు మెల్లగ ఒత్తిండు. రాలే. మల్లా ఒత్తిండు, రాలే. మూడోసారికి సన్నంగ వచ్చి నా దోతి మీద పడ్డది. ఏ కంపుకు వాన్ని తిట్టిన్నో, ఆ తడి పట్టుకొని ఏడ్చిన. పెన్సిలిన్ ఇంజక్షన్ వేసి, "మాట ఇవ్వలేను పెద్దాయనా. కిడ్నీలు ఎంత పాడయ్యాయో తెలీదు," అన్నడు.

బాగైతడని మేము అనుకోలే. ఒక దినం పాలు నాకుడు, రెండు దినాలు వాంతులు. గాయం మానినట్టే మాని మల్లా పగిలింది. ఎముకలు లెక్కవెట్టొచ్చు. వాన్ని పాతిపెట్టెతందుకు ఇంటెన్క జాగ గూడ చూసిపెట్టిన. లచ్చవ్వకు చెప్పలే.

బతికిండు. కాని పాత పులిగాడు రాలే. అటుక ఎక్కలేడు. ఎలుక ముందలికెల్లి పోయినా చూస్తడు, అంతే. నీళ్లు మస్తు తాగుతడు. సారు అది మంచి గుర్తు కాదన్నడు. ఎంత కాలం ఉంటడో తెల్వదు.

నా ఒళ్లెనే పంటడని వాడకట్టంత చెప్పుకున్న. పండడు. లచ్చవ్వ కాడ పంటడు. నేను చెయ్యి చాపితె లేచి, కుంటుకుంట గోడ పొంటి పోతడు. లచ్చవ్వ నా దిక్కు చూడది గూడ.

చదివేటోల్లకు ఒకటే చెప్త. గండుపిల్లికి ఆపరేషన్ చేపిస్తె, పక్కన పల్లెంల వాడు ఉచ్చ పోసెతందుకు పొడి ఉసికె పోసి పెట్టుండ్రి. తిన్నడా అని తర్వాత చూడుండ్రి, ముందుగాల ఉసికె తడిసిందా చూడుండ్రి. పొద్దంత తడవకపోతె, బస్సు లేకున్నా బండి కట్టుకోండ్రి. రేపు సూద్దాం అనకుండ్రి.