ఆంజనప్పను చూస్తే బుద్ధిగా ఉండే ల్యాప్‌టాప్

హిందూపురం బస్టాండు పక్క సందులో కంప్యూటర్లు బాగుచేసే ఆంజనప్పకు ఒక పట్టుదల ఉండేది. జబ్బును కళ్ళారా చూడందే మిషన్ మీద చెయ్యి వేయడు. ఏదో ఒక స్క్రూ విప్పి, ఏదో ఒకటి మార్చి, అయిపోయింది తీసుకుపోండి అనే రకం కాదు. ఆ పట్టుదలే అతన్ని ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడి చుట్టూ తిప్పి, బతికుండగానే చచ్చినోళ్ళలో కలిపింది.

ఆ అంగడి వెంకటరామయ్యది. బిల్లులు కొట్టేది ఆయన భార్య ఇందిరమ్మ. పని మధ్యలో ల్యాప్‌టాప్ తెర నల్లబడిపోతుందనీ, కాసేపటికి దానంతట అదే వెలుగుతుందనీ ఆమె ఫోన్ చేసింది.

ఆంజనప్ప పోయినాడు. ఇందిరమ్మ మర్యాదగా లేచి తన కుర్చీ ఇచ్చింది, కాఫీ తెప్పించింది. అతను మధ్యాహ్నందాకా కూర్చుని పరీక్షకని ఉత్తుత్తి బిల్లులు కొట్టినాడు, పాటలు పెట్టినాడు, ఛార్జర్ పీకినాడు, మళ్ళీ పెట్టినాడు. తెర కళకళలాడుతానే ఉండాది.

"ఏమీ లేదక్కా, బాగుండాది."

"అయితే నేను అబద్ధం చెప్తాండానా?"

అతని రైలు పెనుకొండ దాటకముందే ఫోన్ మోగింది. "మళ్ళీ పడుకునింది ఆంజనప్పా."

మళ్ళీ పోయినాడు. మళ్ళీ అదే కుర్చీ, అదే కాఫీ, అదే వెలుగు. ఇట్లా కాదని హిందూపురానికి మోసుకుపోయి తన అంగట్లో పెట్టుకున్నాడు. రాత్రీ పగలూ నడిపినా ఒక్కసారి కూడా కునుకు తీయలేదు. తిరిగి తెచ్చిచ్చి, స్టేషన్ కాడికి నడిచేలోపే పడుకునిందని కబురు. అతనికి అన్నం కూడా సయించకుండా పోయింది.

వెంకటరామయ్య బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చినాడు. "ఇది నీకు భయపడతాండాదప్పా. మా చిన్నోడూ ఇంతే, డాక్టరు ముందర దగ్గనే దగ్గడు. నీ ఫోటో ఒకటి పంపించు."

తమాషాకేమో అనుకుని ఆంజనప్ప ఫోటో పంపినాడు. ఆయన దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ల్యాప్‌టాప్‌కు ఎదురుగా గోడకు కొట్టినాడు. సరిగ్గా అప్పుడే ఇందిరమ్మ కదిరిలో చెల్లెలి ఇంటికి పోయింది. బిల్లులు వెంకటరామయ్యే కొట్టినాడు. తెర ఒక్కసారీ నల్లబడలేదు. ఆయన సంతోషం పట్టలేక, శుక్రవారం దేవుడి పటాలకు వేసే దండల్లో ఒకటి ఆంజనప్పకూ వేసినాడు.

పెళ్ళిచీరలకు వచ్చిన పెనుకొండ ఆమె ఎవరో ఆ దండ చూసింది. ఆ సాయంత్రమే పెనుకొండలో ఉండే అతని అమ్మ కుళ్ళాయమ్మ ఫోన్ చేసింది.

"యాడుండావురా?"

"అంగట్లోనే ఉండానమ్మా. ఏం?"

"బాగుండావా?"

"బాగానే ఉండా."

"ధర్మవరంలో నీ పటానికి దండ వేసిండారంట. పొద్దున్నే రా, పోయి కనుక్కుందాం."

మరునాడు తల్లీకొడుకులు అంగట్లో అడుగుపెట్టేసరికి ఇందిరమ్మ ఊరినుంచి వచ్చి ఉంది. "ఈ ఫోటోలో పస అయిపోయినట్టుండాది. పొద్దున్నుంచీ మళ్ళీ పడుకుంటాండాది," అనింది.

ఆంజనప్పకు కోపమూ, పంతమూ రెండూ పొంగినాయి. "అక్కా, నువ్వు కుర్చీలోనుంచి లేవద్దు. నేను రానట్టే అనుకో," అని చీరల దొంతర వెనక నక్కినాడు. ల్యాప్‌టాప్‌కు కనపడతాడేమోనని వెంకటరామయ్య తెల్ల దుప్పటి తెచ్చి అతని మీద కప్పినాడు. గోడమీద దండ, కింద తెల్ల దుప్పటి చూసిన కుళ్ళాయమ్మ దుప్పటి కొస పట్టుకునింది. "మొహమన్నా వదిలిపెట్టు సామీ," అనింది.

వదిలిన సందులోనుంచి ఆంజనప్ప కన్నార్పకుండా చూసినాడు. ఇందిరమ్మ బిల్లు కొడతాంది. ధర ఎంతని ఎవరో అడిగితే, ఎడమ చెయ్యి కీబోర్డు పక్కన ఆనించి అటు తిరిగింది. తెర నల్లబడింది. చెయ్యి ఎత్తింది. తెర వెలిగింది.

అతను దుప్పటితోనే లేచి వచ్చినాడు. "అక్కా, ఆ చేతికి ఏముండాది?"

"అయస్కాంతం కడియం. బీపీకి మంచిదంటే కదిరి తేరు తిరునాళ్ళలో కొన్నా."

మూత మూసినారని ల్యాప్‌టాప్‌కు తెలిసేది మూతలో ఉండే చిన్న అయస్కాంతం వల్లనే. ఇందిరమ్మ చెయ్యి ఆనించినప్పుడల్లా పాపం అది మూత పడిందనుకుని పడుకునేది. ఆంజనప్ప వస్తే ఆమె లేచి కుర్చీ ఇచ్చేది, కడియమూ ఆమెతోపాటే పోయేది. ఇదంతా చెప్తాంటే అతనికి మిఠాయి తిన్నంత హాయిగా ఉంది.

"తీసేయక్కా ఇంక."

"తీస్తే నా బీపీ ఏం కావాల?"

"కుడి చేతికి వేసుకో."

"ఆడవాళ్ళు ఎడమకే వేసుకోవాలన్నాడు అమ్మినోడు."

అంగడంతా ఆలోచనలో పడింది. చివరికి కుళ్ళాయమ్మే తీర్పు చెప్పింది. "ఎడమ కాలికి వేసుకోమ్మా. రక్తం ఆడికీ పోతాది కదా."

ఇందిరమ్మ వేసుకుని అటూ ఇటూ నడిచి చూసుకుంది, బాగానే ఉందనింది. తెర ఇంక నల్లబడలేదు. ఫోటో మాత్రం కుళ్ళాయమ్మ ఆడ ఉంచనియ్యలేదు. కొడుకు చేత గోడమీదనుంచి దింపించి చంకలో పెట్టుకుంది, దండ తీయడం మరిచిపోయి.

రైల్లో జనం కిటకిటలాడుతున్నారు. ఆమె చంకలోని దండ వేసిన పటాన్ని చూసి ఒక పెద్దాయన గబుక్కున లేచి, "కూర్చో తల్లీ," అని తన చోటు ఇచ్చినాడు. కుళ్ళాయమ్మ పటాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునింది. ఆంజనప్ప మొహం కిటికీ వైపు తిప్పుకుని, పెనుకొండ దాకా నిలబడే పోయినాడు.