మలుపు దగ్గర పిలిచిన పేరు

డెబ్బైల్లో మాది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్. ఆదివారం పొద్దున్నే పార్కులో కాలిబాటను మా ఆయన, నేను మా అంతట మేమే బాగుచేసేవాళ్ళం. ఆయన తుప్పలు కొట్టుకుంటూ ముందు మలుపు తిరిగిపోయేవారు. నేను వెనక ఆకులు ఊడ్చేదాన్ని. "ఇదిగో, ఇనపడతందా?" అని కేకేస్తే "వస్తన్నానెహె!" అనేవారు. మావైపు ఆడవాళ్ళం మొగుడి పేరు పలకం.

ఆయన పోయాక కూడా చీపురు పట్టుకుని వెళ్ళేదాన్ని. "ఒక్కదానివే ఎందుకు దీదీ?" అనేది పక్కింటి బెంగాలీ ఆవిడ. "ఇంటికాడ మాత్రం ఎవులున్నారు?" అనేదాన్ని.

ఒకరోజు ఆకుల కుప్పలోంచి తాచుపాము పడగెత్తింది. "అప్పలరాజూ!" అని అరిచేశాను.

పాము తుప్పల్లోకి జారిపోయింది. నేను ఆ మలుపు వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన పేరు నా నోట రావడం అదే మొదలు. నేను పిలిస్తే ఆయన పలకకపోవడమూ అదే మొదలు.