మూడోసారి అడిగిన సైకిలు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది చలికాలంలో సికిందరాబాదులోని ఒక కొయ్యసామాను కార్ఖానాలో మేనేజరుగా చేరాను. అప్పటికే జాగీర్లు రద్దయ్యాయి. మా తాతగారి పేరు వింటే లేచి నిలబడేవాళ్ళు ఇంకా ఉన్నారు గాని, దానితో పొయ్యి వెలగదు. యాప్రాల్ నుంచి రోజూ నడిచి వచ్చేవాణ్ణి, షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని.

యజమాని శామ్యూల్ గారు గుంటూరు క్రైస్తవులు. చేరిన రోజే తన పాత సైకిలు ఖాళీగా ఉంది, వాడుకుంటారా అన్నారు. నడక అలవాటేనన్నాను. "సరేనండీ" అని తాళంచెవి సొరుగులో వేసేశారు. పెద్దింటివాడు మొదటి మాటకే చెయ్యి చాపడు. అవతలివారు మళ్ళీ అడగాలి. ఆయన అడగలేదు. నేను నడిచాను.

అంతలో బడి బెంచీల ఆర్డరు వచ్చింది. కలప శామ్యూల్ గారిది, పనితనం మౌలాలి రాజలింగానిది. జాగీర్దార్ల దేవిడీలకు తరతరాలుగా తలుపులు చెక్కిన ఇంటివాడు. వడ్రంగులందరికీ అతని మాటే మాట. ఇద్దరినీ భాగస్వాములను చేసే దస్తావేజుకు ముసాయిదా రాయడం నా పని.

కార్ఖానా బోర్డు మీద మీ పేరే ముందు పెడదామా అని శామ్యూల్ గారు రాజలింగాన్ని అడిగారు. "నాదెందుకు సార్, మీదే ఉండనీయుండ్రి" అన్నాడు రాజలింగం. శామ్యూల్ గారు సంతోషంగా ముసాయిదాలో తన పేరొక్కటే రాయించారు. రాజలింగం చిన్నబోయి తలపాగా సర్దుకోవడం చూసి కూడా నేను కలం ఆపలేదు. సంతకం రేపు పెడతానని అతను వెళ్ళిపోయాడు.

మరునాడు అతనూ రాలేదు, వడ్రంగులూ రాలేదు. బెంచీలు నెలాఖరుకు అప్పజెప్పాలి. ఆర్డరు పోతే నా కొలువూ పోతుంది. మౌలాలి వెళ్ళాను.

"ఒక్కపారి అడిగి ఊకుంటడా దొరా? గదొక అడుగుడా? పొమ్మన్నట్టే గద!" అన్నాడు రాజలింగం.

ఆ మాట చెబితే శామ్యూల్ గారు బిత్తరపోయారు. "ఆయనే వద్దన్నాడు కదండీ! వద్దన్నాక మళ్ళీ అడిగితే మా వైపు కోపం వస్తుంది. మొన్న వాళ్ళింట్లో చాలు మొర్రో అంటున్నా మూడు భక్ష్యాలు వేశాడు. చచ్చాననుకోండి!"

ఇక్కడ మొదటి రెండు 'వద్దు'లూ మర్యాదకేననీ, మూడోదే జవాబనీ ఆయనకు వివరించాను. ఆయన ఒక్కసారి చాలంటే చాలనేనని రాజలింగానికీ చెప్పాను. మూడో రోజు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను.

శామ్యూల్ గారు బల్ల మీద వేళ్ళు మడుస్తూ అడిగారు. రెండుసార్లు వద్దన్న రాజలింగం మూడోసారికి నవ్వాపుకోలేకపోయాడు. "ఇగ మీ ఏళ్ళు అరుగుతయ్ సార్, రాయించుండ్రి." ఇద్దరి పేర్లూ రాశాను, సంతకాలయ్యాయి. చాయ్ వచ్చింది. శామ్యూల్ గారు రెండో కప్పు చాలనగానే రాజలింగం కేతలీ దించేశాడు. "పానం కొట్టుకుంటది గానీ, మీ రివాజే కానీయుండ్రి" అన్నాడు.

అప్పుడు శామ్యూల్ గారు నావైపు అనుమానంగా చూశారు. "రావుగారూ, ఆ సైకిలు?"

అవసరం లేదన్నాను. ఒక వేలు మడిచారు. నడక అలవాటేనన్నాను. రెండో వేలు మడిచారు.

"ఇంకొక్కపారి సార్! దొర చెప్పులు సూడుండ్రి, ఎట్ల అరిగినయో" అన్నాడు రాజలింగం.

మూడోసారికి తాళంచెవి తీసుకున్నాను.

బెంచీలు గడువులోపే వెళ్ళాయి. తరువాత చాలా ఒప్పందాలు రాశాను. పెట్టుబడి, పని, పేరు కాగితం మీదికి ఎక్కకముందే, ఎవరు ఏ తీరున కాదంటారో కనుక్కునేవాణ్ణి. రెండు తీరులూ తెలిసిన మేనేజరు నోరు మెదపకుండా కూర్చుంటే తప్పు భాగస్వాములది కాదు, అతనిదే.