ఊ కొట్టని చోటు

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్లే బస్సులో ముందు సీటు ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని "ఊ... ఊ..." అంటోంది. అవతల ఎవరు ఏం చెబుతున్నారో తెలియదు గానీ, ఆ ఊ మాత్రం నేను భరించలేకపోయాను. కిటికీ వైపు తిరిగి కూర్చున్నా దేవదానం మాస్టారే గుర్తొచ్చారు.

నందిగామ బడిలో అప్పట్లో నేను కొత్తగా చేరిన తెలుగు టీచర్ని. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఇంగ్లీషు మాస్టారు. ఊళ్లు తిరిగి కథలు పోగుచేయడం ఆయనకు పిచ్చి. స్టాఫ్‌రూములో టీ తాగుతూ, కథలు సేకరించిన జర్మనీ అన్నదమ్ముల సంగతి సొంత మేనమామల సంగతిలా చెప్పేవారు. "చచ్చేదాకా కలిసే బతికారమ్మా ఇద్దరూ. కథలొచ్చినవాళ్లని ఇంటికి పిలిపించి చెప్పించుకున్నారు. అచ్చేసిన ప్రతిసారీ కాస్త దిద్దారు. చెప్పినావిడ వింటే తన కథేనని గుర్తుపట్టేదంటావా?" అందుకే ఆయనకొక నియమం ఉండేది. విన్న కథను చెప్పినవాళ్లకే తిరిగి చెప్పాలి. వాళ్లు చివరిదాకా ఊ కొడితేనే కాగితం మీద పెట్టాలి.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నన్నూ వీరులపాడు తీసుకెళ్లారు. మిరప కోతలకు వెళ్లే మరియమ్మ ఒక కథ చెప్పింది. సవతి తల్లి పిల్లను బావిలోకి దించి తాడు లాగేసుకుంటుంది. మాస్టారు అదే కథ తిరిగి చెబుతుంటే బావి దగ్గర మరియమ్మ ఊ ఆగిపోయింది.

"ఎక్కడ తప్పానమ్మా?"

"పిల్ల ఏడవలేదండి మాస్టారూ. మీరు ఏడిపించారు."

ఆయన చెంపలు వేసుకున్నారు. మళ్లీ వచ్చి సరిగ్గా చెప్పి, అప్పుడు రాస్తానన్నారు. మళ్లీ వెళ్లేసరికి మరియమ్మ లేదు. మిగతా ఊళ్లలోనూ అంతే, ఎక్కడో ఒకచోట ఊ ఆగేది, ఆయన దిద్దుకుని వెళ్లేలోపే చెప్పినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. రాసెయ్యండి మాస్టారూ అని బతిమాలాను. "ఎవరు ఒప్పుకున్నారని రాయమంటావమ్మా?" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తుంది. అంత నిజాయితీగా ఉండి చివరికి ఒక్క కథా మిగల్చలేదు.

పక్షవాతం వచ్చి జగ్గయ్యపేటలో కూతురింట్లో మంచాన పడ్డారని తెలిసి వెళ్లాను. మాటలన్నీ పోయాయి, ఊ ఒక్కటే మిగిలింది. ఏం మాట్లాడాలో తోచక ఆ కథే ఎత్తుకున్నాను.

"సవతి తల్లి పిల్లని బావిలోకి దించిందండి."

"ఊ."

"పిల్ల ఏడవలేదండి."

"ఊ." ఆయన ముఖం విప్పారింది.

ఆ తర్వాత ఏమైందో నాకు గుర్తులేదు. ఆయనకు గుర్తుంది కదా అని ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నాను. ఏదో ఒకటి కల్పించి పిల్లను పైకి లాగబోయాను. ఆయన ఊ కొట్టలేదు. నెమ్మదిగా ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

మాస్టారు పోయారు. మా అమ్మాయి కథ అడిగితే నా నోటికి అదే వస్తుంది. బావి దాకా చెప్పి ఆగిపోతాను. తర్వాతేమైందని అడుగుతుంది. ఆ పిల్ల ఏడవకుండా ఇంకా బావిలోనే ఉంది.