విమానాలకు ధర కట్టేవాడి పెళ్లిచూపులు

మాది ధర్మవరం. బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో పాత విమానాలకు ధర కట్టే ఉద్యోగం నాది. డబ్బున్నవాళ్లు సొంత విమానం అమ్మేముందు నేను వెళ్లి, దాన్ని తట్టి చూసి, లోపాలన్నీ రాసిస్తాను.

పోయిన ఏడాది పెనుకొండలో పెళ్లిచూపులకు వెళ్లాం. మధ్యవర్తి నన్ను పైలట్ కంటే కాస్త తక్కువవాడిగా పరిచయం చేశాడు. అమ్మాయి నాకు నచ్చింది. నేనూ ఆమెకు నచ్చినట్టే అనిపించింది.

“ఏమప్పా, విమానాలకే ధర కడతావంట. మా కారు చూసి ఒక మాట చెప్పు,” అన్నాడు అమ్మాయి తండ్రి. ఆ కారు కొనడానికి హిందూపురం నుంచి వచ్చినాయన పక్కనే కాఫీ తాగుతున్నాడు. అడిగింది పొగడమని, పరీక్షించమని కాదని నాకు తట్టలేదు. అలవాటుకొద్దీ తలుపులు తట్టాను, మ్యాట్లు ఎత్తాను.

“కుడిపక్క గుద్దుకున్న బండి సార్ ఇది. తలుపు మార్చి రంగేసినారు,” అన్నాను.

హిందూపురం ఆయన కాఫీ సగంలో దించి చెప్పులేసుకున్నాడు. కాసేపటికి మేమూ వేసుకున్నాం.

మా నాయన మగ్గం నేస్తాడు. బస్సెక్కినాక నా వైపు తిరిగాడు. “పట్టుచీరలో పోగు తప్పితే మడత లోపలికి పెట్టి చూపిస్తాం గదరా! ఇంత చదివి అదొకటి నేర్చుకోలేదా?” అన్నాడు.

కోటీశ్వరులు ఫీజిచ్చి మరీ అడిగే మాటకు పెనుకొండలో నాకు రెండో కాఫీ కూడా దక్కలేదు. ఇప్పుడు ఇంకో సంబంధం చూస్తున్నారు. వాళ్లింట్లో అమ్మకానికి ఏ వస్తువూ లేదని నాయన ముందే కనుక్కున్నాడు.