దూది మీద నింద

మా అత్త పోయింది. పొందూరులో ఆమెను ఎరిగినవాళ్ళకు ఈపాటికి కబురు అందే ఉంటుంది. వేకువన లేచి మంచం మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. నేను చెంబుతో వచ్చేసరికి పక్కకు ఒరిగిపోయి ఉంది. గుండెపోటు అన్నాడు డాక్టరు, ఏళ్ళ తరబడి షుగరు చేసిన పని అన్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు మాత్రం తీర్పు ముందే చెప్పేసుకుని వచ్చారు. "ఏటి సేస్తాం, ఆ దూదే మింగేసినాది" అని వీధంతా ఒకటే మాట. ఏడుస్తున్నదాన్ని కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

నేను కోడలిగా వచ్చేనాటికే అత్త రాట్నం అటకెక్కింది. చిన్నప్పటి నుంచీ నూలు వడికిన మనిషికి నలభై దాటాక ఆయాసం పట్టుకుంది, రాత్రయితే గుండెల్లో పిల్లికూతలు. దూది ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు ఊళ్ళోవాళ్ళు. కొడుకు, అంటే మా ఆయన, హడలిపోయి రాట్నాన్ని కంటికి కనబడకుండా పైకెక్కించేశాడు.

పని పోయిన మనిషి టీవీ ముందు కుర్చీలో కూలబడింది. ఆయాసమంటే నీరసమని మా వైపు నమ్మకం, నీరసానికి మందు తిండి. ఎవరింట్లో జున్ను వండినా ఒక గిన్నె మా గుమ్మంలోకి వచ్చేది. "తినప్పా, బలమొస్తాది" అనేది పక్కింటావిడ. ప్రేమగా పెడితే కాదనడం అత్తకు చేతకాదు. ఒళ్ళు పెరిగింది, షుగరూ వచ్చింది. ఆయాసం ఎక్కువైనప్పుడల్లా మందుల షాపులో ఇచ్చిన మాత్రలు మింగేది, వాటితో ఆకలి ఇంకా పెరిగేది. చివరికి పీల్చే మందు కూడా పనిచేయడం మానేసింది. దూది లేని ఇంట్లో ఆయాసం ఎలా పెరుగుతోందని ఒక్కరికీ తోచలేదు.

శ్రీకాకుళంలో ఊపిరితిత్తుల డాక్టరు ఆమె చేత గొట్టంలోకి ఊదించి, నడుము కొలిచి, నెమ్మదిగా చెప్పాడు. "దుమ్ము కొంత నిజమేనమ్మా. కానీ పొట్ట దగ్గర చేరిన కొవ్వు ఊపిరి నిండా పీల్చుకోనివ్వదు. లోలోపల వాపు రాజేస్తుంది. షుగరు దానికి తోడు. అందుకే మందు సరిగా పట్టట్లేదు. మందు మానకుండా బరువు తగ్గించుకోవాలి."

"అయితే బాబూ, తప్పు దూదిది కాదా?" అని అడిగింది అత్త.

"అంతా దానిది కాదు" అన్నాడాయన.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె కళ్ళు తుడుచుకోవడం చూశాను. బిడ్డ మీద మోపిన దొంగతనం అబద్ధమని తేలితే తల్లి ఏడుస్తుందే, అలా ఏడ్చింది.

మర్నాటి నుంచి రాత్రి అన్నం సగం చేసింది. పొద్దున్నే స్టేషను దాకా నడక. "రైలెక్కేస్తన్నావేటప్పా?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "నా ఊపిరి నాను తెచ్చుకోడానికెల్తన్నాను" అనేది. జున్ను గిన్నె వస్తే వెనక్కి పంపేది. "ఒసే, సోటంతా పొట్టకే ఇచ్చీస్తే ఊపిరినెక్కడ కూకోమంటావే?" ఆ మాటకు పక్కింటావిడ నెల్లాళ్ళు అలిగింది.

ఆయాసం పూర్తిగా పోలేదు. చలికి వచ్చేది, మందు పీలిస్తే తగ్గేది. కానీ రాత్రుళ్ళు వెల్లకిలా పడుకుని నిద్రపోగలిగింది. అలా ఏడాది గడిచాక ఒకరోజు అటక కింద నిలబడి, "ఒరే, దింపరా దాన్ని" అంది.

మా ఆయన ఒప్పుకోలేదు. "మళ్ళీ ఆయాసమొస్తే?"

"వస్తే మానీస్తాను. డాక్టరు బాబునడిగినాను, ముక్కుకి గుడ్డ కట్టుకుని గాలి తగిలే సోట సేసుకోమన్నాడు. ఆయాసంతో పోతానో నేదో గానీ, ఇలాగ కూకుంటే దిగులుతో పోతాన్రా."

దించాడు, బూజు కూడా తనే దులిపాడు. ఆ రోజు నుంచి వీధరుగే ఆమె చోటు. మూతికీ ముక్కుకీ ఎర్ర తువాలు గుడ్డ బిగించి, వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వేది. దువ్వడం అయ్యాక రాట్నం ముందు కూర్చుంటే ఎవరు పిలిచినా తల ఎత్తేది కాదు. అంత సంతోషంగా ఉన్న మనిషిని మా ఇంట్లో నేను మరొకరిని చూడలేదు.

దినకార్యం అయ్యాక అరుగు సర్దుతుంటే రాట్నం పిడికి ఆ గుడ్డ వేలాడుతోంది. నూగు పట్టి పైవైపు ఎరుపే కనబడటం లేదు. "సూసినావా, ఎంత దూది తాగినాదో" అంది పక్కింటావిడ.

నేను గుడ్డను తిప్పి ఆమె చేతిలో పెట్టాను. లోపలివైపు, అత్త ఊపిరి తగిలినచోట, ఎర్రగా, ఒక్క పోగైనా లేకుండా ఉంది.