మారుమాట లేని ఏడాది

1968 జూన్‌లో నన్ను బాపట్ల సెక్షన్ నుంచి రేపల్లె సెక్షన్‌కు బదిలీ చేశారు. ఆ రోజుల్లో డిప్లొమా చదివినవాళ్లు నీటిపారుదల పనుల్లో సూపర్‌వైజర్లుగా చేరేవారు. పైన అసిస్టెంట్ ఇంజనీరు, కింద తూముల దగ్గర కాపలా ఉండి తలుపులు ఎత్తి దించే లస్కర్లు. ఒక సెక్షన్‌లో కాలువ గట్లు, తూములు, ఏ ఊరికి ఎప్పుడు నీళ్లు వదలాలన్న వంతులు, ఇవన్నీ సూపర్‌వైజరు చూసుకోవాలి. రైతు తిట్టాలనుకుంటే అతనికి అందుబాటులో ఉండే మొదటి అధికారి కూడా ఆయనే.

నాకప్పుడు ముప్పై ఏళ్లు. ఒక మాట పడితే రెండు మాటలు అనే మనిషినని బాపట్లలో పేరుంది. అది నాకూ తెలుసు కాబట్టే తెనాలిలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. అందరూ గార్డుగారనే పిలిచేవారు. ఆదివారం ఉదయం ఆయన ఇంటి వరండాలో పదిమంది చేరేవాళ్లం. కాసేపు జపం, కాసేపు మౌనం, ఎవరైనా ఏదైనా అడిగితే నాలుగు మాటలు. ఆశ్రమం, కాషాయం లాంటివేవీ లేవు.

రేపల్లెలో చేరిన కొత్తలోనే రైలెక్కి తెనాలి వెళ్లి, నాకు మంత్రోపదేశం చెయ్యమని అడిగాను.

"ముందు ఒక పని చెయ్యి నాయనా," అన్నారాయన. "ఈ ఏడాదంతా నిన్నెవరు తిట్టినా మారుమాట అనొద్దు. తప్పు నీది కాకపోయినా సరే. మాట నోటిదాకా వస్తే ఊపిరి నెమ్మదిగా వదిలిపెట్టు. మంత్రం సంగతి తర్వాత చూద్దాం."

సులువుగానే ఉందనుకున్నాను.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. నది నుంచి కాలువలకు వచ్చే నీళ్లు తగ్గడంతో వంతుల పద్ధతి పెట్టారు. ఎగువ ఊళ్లకు కొన్నాళ్లు, ఆ తూములు మూసి దిగువ ఊళ్లకు కొన్నాళ్లు. కాగితం మీద అందరికీ సమానమే. కానీ కాలువ చివర ఉన్న భూములకు వంతు వచ్చినా నీళ్లు వచ్చేవి కావు, దారిలోనే అయిపోయేవి. పెనుమూడి దారిలో అలాంటి చివరి ఊరు ఒకటి ఉంది. అక్కడి రైతు కోటయ్య రోజూ సైకిలు మీద మా ఆఫీసుకు వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది.

"నారు ముదిరిపోతోందండీ! నీళ్లు వస్తాయా రావా? వస్తాయా రావా చెప్పండి!"

ఆ తర్వాత తిట్లు. ఎగువ రైతుల దగ్గర లంచాలు మెక్కానన్నాడు. మా ఇంట్లోవాళ్లనీ కలిపాడు. నేను తల వంచుకుని ఊపిరి వదులుతూ లోపల జపం చేసుకునేవాణ్ణి. ఏమీ అనేవాణ్ణి కాదు. నేను మాట్లాడని కొద్దీ అతని గొంతు పెరిగేది.

ఒకరోజు పొద్దున తూము దగ్గర నీటిమట్టం చూపే గేజి చూస్తుంటే ఆ ఊరి రైతులు పదిహేనుమంది చుట్టుముట్టారు. కోటయ్య ముందున్నాడు. "నోరు విప్పవేంటయ్యా? గోడకి చెబుతున్నానా?" అని అరిచాడు. నేను కదల్లేదు. అతను వంగి కాలువ అడుగునుంచి బురద తీసి నా మీద విసిరాడు. ముఖం మీదా చొక్కా మీదా పడింది. నేను తుడుచుకుని, గేజి రాసుకుని వచ్చేశాను.

లస్కరు అంకయ్య పోలీసు స్టేషనుకు వెళదాం సార్ అన్నాడు. అసిస్టెంట్ ఇంజనీరుగారు ఫిర్యాదు రాసివ్వమన్నారు. నేను వద్దన్నాను. ఒక్క మాట కూడా అననందుకు నాకు చాలా సంతృప్తిగా ఉంది.

ఆ ఆదివారం వరండాలో అందరి ముందూ ఈ సంగతి చెప్పాను. గార్డుగారు మెచ్చుకుంటారని ఎదురుచూశాను.

"ఇంతకీ అతను ఏమడిగాడు?" అన్నారు.

"నీళ్లండీ."

"నీళ్లు అందరూ అడుగుతారు. అతనన్న మాట చెప్పు."

తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. అసలు మాట చివరికి వచ్చింది. "వస్తాయా రావా చెప్పమన్నాడండి."

"నీకు తెలుసా?"

"తెలుసండి. ఈ వంతులో రావు."

"మరి చెప్పలేదేం?"

"మారుమాట అనొద్దన్నారు కదండీ."

"తిట్టుకి మారుమాట వద్దన్నాను. అడిగినదానికి జవాబు చెప్పొద్దనలేదే! నువ్వు జపం చేసుకుంటూ నిలబడితే అతనికి అది పొగరుగా కనపడదూ?"

బురద పడినప్పుడు రాని కోపం నాకు అక్కడ వచ్చింది. గార్డుగారు పదిమందిలో నన్ను చిన్నబుచ్చారనిపించింది. ఇక ఈ గుమ్మం తొక్కకూడదనుకుంటూ రైలెక్కాను. రేపల్లె చేరేదాకా ఆ కోపం తగ్గలేదు. ఆయన పెట్టిన నియమం ఆయన నన్నన్న మాటలకూ వర్తిస్తుందని అప్పుడు తట్టింది. ఊపిరి వదులుతూ కూర్చున్నాను. కోపం పోలేదు గానీ, ఆయనన్న మాట నిజమేనన్నది కోపం పక్కనే కనపడింది.

మా శాఖలో రైతుకు నీళ్లు రావని చెప్పే అలవాటు లేదు. "పైకి రాశాం, చూద్దాం" అనడమే ఆనవాయితీ. మర్నాడు అసిస్టెంట్ ఇంజనీరుగారిని అడిగితే, "చెబితే నిన్ను అక్కడినుంచి కదలనివ్వరు. ఆపైన నీ ఇష్టం," అన్నారు.

సాయంత్రం కోటయ్య ఇంటికి వెళ్లాను. వాకిట్లో నలుగురు రైతులున్నారు.

"బాబాయ్, ఈ వంతులో మీకు నీళ్లు రావు. వచ్చే వంతులో ఎగువ తూములు కచ్చితంగా మూయిస్తాను. అప్పుడైనా అన్ని పొలాలకూ చాలవు. కాలువ దగ్గరి పొలాలకు అందొచ్చు."

అతను లేచి తిట్టడం మొదలుపెట్టాడు. ఈసారి నేను జపం చెయ్యలేదు. అతని ముఖం చూస్తూ ప్రతి మాటా విన్నాను. అలా వినడం చాలా కష్టంగా ఉంది. మాట రెండుసార్లు గొంతుదాకా వచ్చింది. కోటయ్య అలిసిపోయి అరుగు మీద కూలబడ్డాక అతని భార్య మాణిక్యమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"ఇన్నాళ్లకి ఒకళ్లు ఉన్నమాట చెప్పారు. ఇప్పుడు ఏ చేను ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి? అది ఆలోచించండి."

చీకటి పడేలోపు ఒక ఏర్పాటుకు వచ్చారు. కాలువ దగ్గరి చేలకు అందరి నారూ కలిపి వాడటం, దూరపు చేలలో వరి మానేసి మినుము చల్లుకోవడం.

తర్వాతి వంతులో నేనూ అంకయ్యా పగలంతా ఎగువ తూముల దగ్గరే ఉన్నాం. అక్కడి రైతులు వాళ్ల వంతుగా నన్ను తిట్టారు. ఎన్నాళ్లు మూసి ఉంచుతామో అడిగినవాళ్లకు చెప్పాను. చివరి ఊరికి నీళ్లు వెళ్లాయి. దగ్గరి చేలు నాటారు. కోటయ్యకు ఉన్నదాంట్లో ఎక్కువ భాగం దూరపు చేనే. అందులో వరి లేదు, చల్లిన మినుము కూడా సరిగా పండలేదు. ఆ ఏడు అతను బాగా దెబ్బతిన్నాడు. బురద గురించి ఎప్పుడూ ప్రస్తావించలేదు. మరుసటి ఏడు పూడిక తీయించలేదని మళ్లీ ఆఫీసుకొచ్చి తిట్టాడు.

తెనాలి వెళ్లడం నేను మానలేదు. ఏడాది ముగిశాక మంత్రం మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. చాలాకాలం తర్వాత ఒక మామూలు ఆదివారం నాతోపాటు మరో ఇద్దరికి ఉపదేశం చేశారు.

ఆ తర్వాత చేసిన ప్రతి సెక్షన్‌లోనూ వంతు మొదలయ్యే ముందు నేనే ఊరికి వెళ్లి ఎంత వస్తుందో, ఎంత రాదో చెప్పేవాణ్ణి. దానివల్ల తిట్లు తగ్గలేదు. కొన్ని చోట్ల పెరిగాయి కూడా. రైతులకు నిర్ణయం తీసుకోవడానికి కొంత వ్యవధి దొరికేది, అంతవరకే ప్రయోజనం. సహనం అంటే నేను మొదట అనుకున్నది నా లోపల ప్రశాంతంగా ఉండటం. ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినడానికి అది ఉపయోగపడకపోతే, దానితో నాకు తప్ప ఎవరికీ పనిలేదని ఆ ఉద్యోగంలో తెలుసుకున్నాను.